హీరో రాని షో.. పోస్టర్ మూడున్నర కోట్లు

కరెంటు స్తంభానికో, షాపు అద్దానికో అంటించి, షో అయిపోగానే చింపి పారేసే అట్ట అది. ఖర్చు పైసల్లో ఉంటుంది. 2022 నవంబరులో అమెరికాలోని హెరిటేజ్ ఆక్షన్స్ సంస్థ అలాంటి ఒక అట్టను వేలం వేస్తే 4,47,000 డాలర్లు పలికింది. అప్పటి మారకం లెక్కన మన డబ్బుల్లో మూడున్నర కోట్లకు పైమాటే. ఒక కచేరీ పోస్టర్‌కి అంత ధర రావడం అప్పటికి రికార్డు. అంతకుముందు పై స్థానంలో ఉన్నది బీటిల్స్ 1966 షో పోస్టర్. దాన్ని కూడా ఇది వెనక్కి నెట్టేసింది.

ఆ అట్ట మీద ఉన్న తేదీ 1959 ఫిబ్రవరి 3. ఊరు మిన్నెసోటా రాష్ట్రంలోని మూర్‌హెడ్. పెద్దక్షరాల్లో ఉన్న పేరు బడ్డీ హోలీ. ఆ రోజు సాయంత్రం షో జరిగింది. టికెట్లు కొన్న కుర్రాళ్లంతా వచ్చారు కూడా. బడ్డీ మాత్రం రాలేదు. అతను ఆ తెల్లవారుజామునే చనిపోయాడు. వయసు 22. అంటే డిగ్రీ అయిపోయి, ఉద్యోగం కోసం అప్లికేషన్లు పెట్టుకునే వయసు.

అతన్ని ఆ చలిలో, ఆ టూర్‌కి పంపింది పాటల మీద పిచ్చి ఒక్కటే కాదు. చేతిలో డబ్బుల్లేకపోవడం. దేశమంతా తన పాటలు మోగుతున్నా ఇంటి అద్దెకి వెతుక్కోవాల్సిన పరిస్థితి ఎందుకొచ్చిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

టైల్స్ పని చేసిన కుర్రాడు

బడ్డీ అసలు పేరు చార్లెస్ హార్డిన్ హోలీ. 1936 సెప్టెంబరు 7న టెక్సాస్ రాష్ట్రంలోని లబ్బక్ అనే ఊళ్లో పుట్టాడు. పత్తి పండే మెరక ప్రాంతం. నలుగురు పిల్లల్లో ఆఖరివాడు. ఇంట్లో ముద్దుగా బడ్డీ అని పిలిచేవాళ్లు, అదే స్థిరపడిపోయింది. ఆర్థిక మాంద్యం రోజులు కావడంతో తండ్రి దర్జీ పని సహా దొరికిన పనల్లా చేశాడు. ఇల్లు మారడం వాళ్లకి మామూలే. అయినా పిల్లలకి సంగీతం నేర్పించారు. బడ్డీ ముందు పియానో నేర్చుకున్నాడు, తర్వాత గిటార్ పట్టుకున్నాడు, ఇక వదల్లేదు.

స్కూల్లో ఉండగానే స్నేహితుడు బాబ్ మాంట్‌గోమరీతో కలిసి జట్టు కట్టాడు. పేరు బడ్డీ అండ్ బాబ్. ఇద్దరూ కార్డులు అచ్చు వేయించుకున్నారు, కింద తాము వాయించేది వెస్టర్న్ అండ్ బాప్ అని రాయించారు. ఊళ్లోని కేడీఏవీ రేడియోలో ఆదివారాలు పాడేవాళ్లు. 1955లో స్కూలు చదువు అయిపోయింది. తర్వాత అన్న లారీతో కలిసి ఇళ్లకి టైల్స్ పరిచే పనికి వెళ్లేవాడు. పగలు టైల్స్, రాత్రి గిటార్.

అదే ఏడాది లబ్బక్‌కి ఒక కొత్త గాయకుడు వచ్చాడు. అప్పటికి దేశానికి పెద్దగా తెలియని ఎల్విస్ ప్రెస్లీ. స్థానిక జట్టుగా బడ్డీ వాళ్లకి అదే వేదిక మీద పాడే అవకాశం వచ్చింది. ఆ అక్టోబరులో బిల్ హేలీ బృందం వచ్చినప్పుడు కూడా ముందు పాడింది వీళ్లే. ఆ షోలు చూసిన ఏజెంట్ ఒకాయన ద్వారా డెక్కా అనే పెద్ద రికార్డింగ్ కంపెనీకి కబురు వెళ్లింది.

కాంట్రాక్టులో ఒక్క అక్షరం

1956 ఫిబ్రవరిలో డెక్కాతో ఒప్పందం కుదిరింది. కాంట్రాక్టు కాగితాల్లో అతని ఇంటిపేరు స్పెల్లింగులో ‘ఈ’ అక్షరం ఎగిరిపోయింది. అతను దిద్దమని అడగలేదు. ప్రపంచానికి తెలిసిన పేరు అలా గుమాస్తా పొరపాటుతో వచ్చిందే.

పేరు పోతే పోయింది. అసలు చిక్కు షరతుల్లో ఉంది. నాష్‌విల్‌లో ఆ ఏడాది మూడుసార్లు రికార్డింగ్ జరిగింది. ఏ పాట ఎలా ఉండాలో, ఎవరు వాయించాలో కంపెనీ మనుషులే చెప్పేవారు. రెండు రికార్డులు విడుదలయ్యాయి, రెండూ ఆడలేదు. ‘దటిల్ బీ ద డే’ అనే పాటని రికార్డు చేసి కూడా బయటికి తేలేదు. 1957 జనవరిలో ఒప్పందం పొడిగించడం లేదని చెప్పేశారు. మన భాషలో చెప్పాలంటే ప్రొబేషన్‌లోనే ఇంటికి పంపేశారు.

పంపేస్తే పంపేశారు, ఆ పాటల్ని వేరేచోట పాడుకుందామా అంటే కుదరదు. డెక్కా దగ్గర రికార్డు చేసిన పాటని ఐదేళ్ల దాకా ఇంకెక్కడా మళ్లీ రికార్డు చేయకూడదని షరతు. వాళ్లు విడుదల చేయరు, ఇతన్ని చేయనివ్వరు. బడ్డీ నేరుగా కంపెనీ పెద్దకి ఫోన్ చేసి బతిమాలాడు. ఆ సంభాషణని టేపులో రికార్డు కూడా చేసుకున్నాడు. ఇరవై ఏళ్ల కుర్రాడికి అంత ముందుచూపు ఉందంటే ఆశ్చర్యమే. అవతలి నుంచి మాత్రం కాదనే సమాధానమే వచ్చింది.

ఆ ఫోనుకి కొద్ది రోజుల ముందే, ఫిబ్రవరి చివరి వారంలో, పక్క రాష్ట్రం న్యూ మెక్సికోలోని క్లోవిస్‌లో నార్మన్ పెట్టీ అనే ఆయన స్టూడియోలో అదే పాటని మళ్లీ పాడేశారు. మిగతా స్టూడియోల్లో గంటకింత అని మీటర్ తిరిగేది. పెట్టీ దగ్గర గంటల లెక్క లేదు, పాట కుదిరేదాకా తెల్లవార్లూ కూర్చోవచ్చు. బడ్డీకి కావాల్సింది అదే. ఐదేళ్ల షరతుని తప్పించుకోవడానికి తన పేరు పెట్టకుండా జట్టు పేరు పెట్టారు. పురుగుల పేర్లు వెతికి, బీటిల్స్ అని కూడా అనుకుని వదిలేసి, చివరికి క్రికెట్స్ అన్నారని చెబుతారు. అంటే కీచురాళ్లు.

తమాషా ఏమిటంటే ఆ రికార్డుని 1957 మేలో విడుదల చేసిన బ్రున్స్‌విక్ కంపెనీ డెక్కాకి చెందినదే. ముందు గుమ్మం నుంచి తోసేసినవాణ్ని పక్క గుమ్మంలోంచి లోపలికి పిలిచినట్టయింది. సెప్టెంబరుకి పాట అమెరికాలో నంబర్ వన్. నవంబరులో బ్రిటన్‌లోనూ అంతే.

పేరు ఒకరిది, ఖాతా ఇంకొకరిది

ఇక్కడే రెండో చిక్కు మొదలైంది. స్టూడియో యజమాని పెట్టీ మేనేజర్ కూడా అయ్యాడు. పాటలు రాసినవాళ్ల జాబితాలో ఆయన పేరూ చేరింది. ‘పెగ్గీ సూ’ పాట మొదట బయటికి వచ్చినప్పుడు రచయితల్లో బడ్డీ పేరే లేదు, తర్వాత చేర్చారు. రాయల్టీ డబ్బులు పెట్టీ చేతుల మీదుగా నడిచేవి. కుర్రాళ్లకి గిటార్లూ, బట్టలూ, కార్లూ, ఊళ్లు తిరగడం. లెక్కల పుస్తకం ఎవరూ తెరిచి చూడలేదు.

తిరగడం అంటే మామూలు తిరుగుడు కాదు. 1957 ఆగస్టులో న్యూయార్క్‌లోని నల్లవారి పేట హార్లెమ్‌లో అపోలో థియేటర్‌కి వెళ్లారు. తెల్ల కుర్రాళ్లు స్టేజి ఎక్కితే మొదట్లో జనం మెచ్చలేదు. రెండు మూడు రోజులయ్యాక చప్పట్లు కొట్టారు. తర్వాత దాదాపు 80 రోజుల బస్సు టూర్. ఫ్యాట్స్ డొమినో, చక్ బెర్రీ లాంటి నల్ల గాయకులతో కలిసి. దక్షిణాది ఊళ్లు కొన్నింటిలో తెల్లవాళ్లూ నల్లవాళ్లూ ఒకే స్టేజి మీద పాడటం నిషేధం. అలాంటి చోట్ల తెల్ల జట్లు షో నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. 1958 మార్చిలో బ్రిటన్‌లో 25 రోజుల టూర్. లివర్‌పూల్‌లోనూ పాడారు. ఆ ఊరి కుర్రాళ్లు పాల్ మెకార్ట్‌నీ, జాన్ లెనన్ అదే ఏడాది తమ మొదటి రికార్డింగ్ కోసం ఎంచుకున్న పాట ‘దటిల్ బీ ద డే’. తర్వాత వాళ్లు పెట్టుకున్న బీటిల్స్ అనే పేరుకి క్రికెట్సే ప్రేరణ.

1958 జూన్‌లో న్యూయార్క్‌లోని ఒక మ్యూజిక్ పబ్లిషింగ్ ఆఫీసులో రిసెప్షనిస్టుగా పనిచేస్తున్న మరియా ఎలెనాని చూశాడు. మొదటిసారి బయట భోజనానికి వెళ్లిన రోజే పెళ్లి మాట ఎత్తాడు. ఆగస్టు 15న లబ్బక్‌లో పెళ్లయింది. ఆఫీసు వ్యవహారాలు తెలిసిన ఆమె రావడంతో డబ్బు లెక్కల మీద అనుమానాలు గట్టిపడ్డాయి. ఆ ఏడాది చివరికి బడ్డీ పెట్టీతో తెగతెంపులు చేసుకున్నాడు. క్రికెట్స్ మాత్రం పెట్టీతోనే ఉండిపోయారు. లెక్క తేలేదాకా డబ్బు కదల్లేదు. న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్‌లో కొత్త కాపురం, కడుపుతో ఉన్న భార్య. ఆదాయం లేదు. బతికుండగా ఆ లెక్క అతనికి తేలనేలేదు.

ఆ అపార్ట్‌మెంట్‌లోనే టేప్ రికార్డర్ పెట్టుకుని ఒంటరిగా గిటార్‌తో కొత్త పాటలు పాడి దాచుకున్నాడు. అతను పోయాక కంపెనీ వాటికి వాద్యాలు జతచేసి అమ్ముకుంది.

24 రోజులు, 24 ఊళ్లు

జనరల్ ఆర్టిస్ట్స్ కార్పొరేషన్ అనే ఏజెన్సీ ఒక టూర్ పెట్టింది. పేరు వింటర్ డాన్స్ పార్టీ. 1959 జనవరి 23న మిల్వాకీలో మొదలు. రోజుకో ఊరు చొప్పున 24 రోజులు. బడ్డీకి ఇష్టం లేకపోయినా డబ్బు కోసం ఒప్పుకున్నాడు. వాయించడానికి కొత్త కుర్రాళ్లని తెచ్చుకున్నాడు. వాళ్లలో బాస్ గిటార్ పట్టిన వేలన్ జెన్నింగ్స్ తర్వాతి కాలంలో కంట్రీ సంగీతంలో పెద్ద పేరయ్యాడు. టూర్‌లో రిచీ వాలెన్స్, బిగ్ బాపర్‌గా పేరుపడ్డ జె.పి. రిచర్డ్‌సన్, డియాన్ అండ్ ద బెల్మాంట్స్, ఫ్రాంకీ సార్డో కూడా ఉన్నారు. రిచీ వయసు 17.

ఈ టూర్ షెడ్యూలు వేసినవాళ్లు మ్యాప్ చూసి వేశారా అని సందేహం వస్తుంది. ఒక ఊరి నుంచి 500 కిలోమీటర్లు పడమరకి, మర్నాడు మళ్లీ తూర్పుకి, వచ్చిన దారినే వెనక్కి. పాత బస్సులు, హీటర్లు పనిచేయవు. మన దగ్గరా చలికాలం రోజులే అవి. మనకి దుప్పటి కప్పుకుంటే సరిపోయే చలి. అక్కడ సున్నాకి దాదాపు 30 డిగ్రీల దిగువన. జనవరి 31న డులూత్‌లో షో అయ్యాక అర్ధరాత్రి రోడ్డు మీద బస్సు ఆగిపోయింది. వెచ్చదనం కోసం పేపర్లు తగలబెట్టుకున్నారు. డ్రమ్స్ వాయించే కార్ల్ బంచ్ కాళ్లు చలికి దెబ్బతిని ఆసుపత్రి పాలయ్యాడు. ఆ డులూత్ షోలో ముందు వరుసల్లో నిలబడి చూసిన పదిహేడేళ్ల కుర్రాడొకడున్నాడు. తర్వాత నోబెల్ బహుమతి అందుకున్న బాబ్ డిలన్.

ఫిబ్రవరి 2 సోమవారం ఖాళీగా ఉంది. ఏజెన్సీ ఆఖరి నిమిషంలో అయోవాలోని క్లియర్ లేక్‌లో సర్ఫ్ బాల్‌రూమ్‌కి ఫోన్ చేసి ఆ రోజు కూడా ఒక షో ఇరికించింది. టికెట్ డాలరుంపావు. హాలు నిండింది. మర్నాటి షో మూర్‌హెడ్‌లో, దాదాపు 590 కిలోమీటర్ల దూరం. మళ్లీ ఆ బస్సెక్కే ఓపిక బడ్డీకి లేదు. మాసిన బట్టలు ఉతికించుకోవాలి, ఒక్క రాత్రి మంచం మీద పడుకోవాలి. మనిషికి 36 డాలర్ల చొప్పున చిన్న విమానం మాట్లాడాడు. పైలట్ కాక ముగ్గురికే చోటు.

సీట్లు బడ్డీకి, అతని కుర్రాళ్లు జెన్నింగ్స్‌కి, టామీ ఆల్సప్‌కి. బిగ్ బాపర్‌కి జ్వరంగా ఉందని జెన్నింగ్స్ తన సీటు ఇచ్చేశాడు. రిచీ బతిమాలితే ఆల్సప్ బొమ్మా బొరుసూ వేశాడు, రిచీ గెలిచాడు. బస్సులో గడ్డకట్టుకుపోతావులే అని బడ్డీ జెన్నింగ్స్‌ని ఆటపట్టించాడు. నీ విమానం కూలిపోతుందిలే అన్నట్టు అతనూ సరదాగా జవాబిచ్చాడు. ఆ మాట జెన్నింగ్స్‌ని దశాబ్దాల పాటు వెంటాడింది.

అర్ధరాత్రి దాటి 12.55 ప్రాంతంలో మేసన్ సిటీ విమానాశ్రయం నుంచి లేచింది. కొద్ది నిమిషాల్లో, పది కిలోమీటర్లు కూడా దాటకుండానే, మంచు కప్పిన పొలంలో కూలింది. నలుగురూ పోయారు. పైలట్ రోజర్ పీటర్సన్ వయసు 21. బయట ఏమీ కనపడనప్పుడు కేవలం మీటర్లు చూసి నడిపే అర్హత అతనికి లేదని, ముందున్న వాతావరణ హెచ్చరికలు అతనికి అందలేదని విచారణలో తేలింది. భర్త చావు మరియా ఎలెనాకి టీవీ వార్తల్లో తెలిసింది. గర్భం నిలవలేదు.

మూర్‌హెడ్‌లో షో ఆపలేదు. స్థానిక రేడియో వాళ్లు ఎవరైనా పాడేవాళ్లుంటే రండని ప్రకటిస్తే, పక్కనే ఉన్న ఫార్గో నుంచి 15 ఏళ్ల కుర్రాడు జట్టుతో వచ్చాడు. వాళ్లకి అప్పటికి జట్టు పేరు కూడా లేదు. ఆ కుర్రాడే తర్వాత బాబీ వీ పేరుతో హిట్లు ఇచ్చాడు. టూర్ ఫిబ్రవరి 15 దాకా సాగింది. స్తంభాల మీద పోస్టర్లలో మాత్రం బడ్డీ పేరు అలాగే ఉంది.

ఖాళీ వదిలిన పై భాగం

ఆ పోస్టర్ల తయారీ మనకి కొత్తేం కాదు. కళాకారుల పేర్లు, ఫొటోలతో టూర్ అంతటికీ ఒకేసారి మందపాటి అట్ట మీద అచ్చు వేస్తారు. పై భాగం ఖాళీ. ఊరు, హాలు, తేదీ, టికెట్ ధర అందులో విడిగా అచ్చు వేసి షాపుల అద్దాల్లో పెట్టిస్తారు. పద్యనాటకాల కాలంలో కోనసీమ ఊళ్లలో తిరిగిన కరపత్రాలు గుర్తు చేసుకోండి. నటుల పేర్లు, వేసే పాత్రలు అచ్చులో, తేదీ, వేదిక ఊరికి తగ్గట్టు. జగ్గన్నతోట ప్రభల తీర్థానికో, అంతర్వేది కల్యాణానికో వెళ్లొచ్చినవాళ్ల జేబులో మడతపడి, మర్నాడు పకోడీ పొట్లంగా మారిన కాగితాలు ఎన్నో. సినిమా హాళ్ల దగ్గర అణాల లెక్కన అమ్మిన పాటల పుస్తకాలదీ అదే కథ.

అందరూ పారేస్తారు కాబట్టే మిగిలినదానికి ధర. సేకరించేవాళ్లు చూసేది కళాకారుడి పేరు ఒక్కటే కాదు, ఏ ఊరు, ఏ తేదీ అన్నది కూడా. ధర పెరిగాక నకిలీలు మొదలయ్యాయి. పాత అట్టల్లో చాలావరకు లెటర్‌ప్రెస్ పని. సీసపు, చెక్క అక్షరాలు నొక్కిన చోట వేలితో తడిమితే పల్లం తెలుస్తుంది. ఫొటో తీసి మళ్లీ ఆఫ్‌సెట్‌లో వేసిన నకలు భూతద్దంలో చూస్తే అక్షరాల అంచులు కూడా చుక్కలుగా విడిపోతాయి. ఈమధ్య కాగితంలో తెల్లదనం కోసం కలిపే రసాయనాలు అతినీలలోహిత దీపం కింద నీలంగా మెరుస్తాయి. 1959 అట్ట అంతలా మెరిస్తే అనుమానించాల్సిందే. మేకు రంధ్రాలు, ఎండకి వెలిసిన రంగు ఉంటే చాలామంది కొత్తవాళ్లు ముఖం చిట్లిస్తారు. నిజానికి అవి ఆ అట్ట బయట నిలబడిందనడానికి ఆధారాలు. మనవాళ్లు పాత కాగితం కనపడగానే చేసే పని లామినేషన్. పాడు చేయడానికి అంతకంటే సులువైన దారి లేదు. వేడికి కరిగిన ప్లాస్టిక్‌ని మళ్లీ విడదీయడం దాదాపు అసాధ్యం. ఆమ్లం లేని కాగితం కవరు, చీకటి, పొడి గాలి ఉంటే చాలు. గోదావరి జిల్లాల్లో ఆ మూడోదే కష్టం.

ఈ పనికి ఉద్యోగాలు లేవనుకోకండి. కాగితాన్ని బతికించేవాళ్లు, వయసు తేల్చేవాళ్లు, స్కాన్ చేసి జాబితా రాసేవాళ్లు ఆర్కైవ్‌లకీ, మ్యూజియాలకీ, వేలం సంస్థలకీ కావాలి. ఢిల్లీలో నేషనల్ ఆర్కైవ్స్ వారి స్కూల్ ఆఫ్ ఆర్కైవల్ స్టడీస్ ఉంది. లక్నోలో సాంస్కృతిక సంపద పరిరక్షణకు జాతీయ పరిశోధనాలయం ఉంది. హిస్టరీ వాళ్లకే కాదు, కెమిస్ట్రీ డిగ్రీ వాళ్లకీ పరిరక్షణ పనిలో చోటుంది. ముందు పాత కాగితం ఎలా ఉంటుందో చూడాలనుకుంటే రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం మనకి దగ్గరే. వేటపాలెం సారస్వత నికేతనంలో పాత పత్రికలు చూడొచ్చు.

బడ్డీని లబ్బక్‌లోనే ఖననం చేశారు. సమాధి రాయి మీద కాంట్రాక్టులో పోయిన ‘ఈ’ అక్షరం తిరిగి వచ్చింది. అతని నల్ల ఫ్రేము కళ్లజోడు మాత్రం ప్రమాదం రోజు దొరకలేదు. మంచు కరిగాక పొలంలో బయటపడితే కవరులో పెట్టి మేసన్ సిటీ కోర్టు భవనంలో దాచారు. తర్వాత అందరూ మర్చిపోయారు. 1980లో పాత ఫైళ్లు సర్దుతుంటే ఆ కవరు దొరికింది. లోపల అద్దాల్లేని కళ్లజోడుతో పాటు బిగ్ బాపర్ చేతిగడియారం కూడా ఉంది. ఆ కళ్లజోడు ఇప్పుడు లబ్బక్‌లో అతని పేరు మీద ఉన్న మ్యూజియంలో ఉంది.